చేతికి తెలిసిన అక్షరము

నౌపడ ఉప్పుమళ్ల దాపున ఉన్న ఊళ్లలో, చదువు అబ్బని పిల్లవానిని గూర్చి పెద్దలు చెప్పుకొను మాటలు రెండే. వానికి ఒళ్లు వంగదనుట ఒకటి. వాని తలరాత అంతేననుట రెండవది. ఐదవ తరగతికి వచ్చియు 'మ'కును 'య'కును భేదమెరుగక, నిన్న చదివిన మాటనే నేడు క్రొత్తదానివలె చూచి నిలిచిపోవు బాలుడు, మడికి నీరు కట్టుటలో తండ్రికి సాయపడునపుడు చురుకైనవాడే; బస్తాల లెక్క నోటితో తప్పులేక చెప్పగలవాడే; అయినను పుస్తకము చేతికి ఇయ్యగానే వాని నోరు కట్టువడును. "అన్ని పనులూ బేగి సేసేస్తాడు మాస్టారూ, అచ్చరాల కాడికి వచ్చీసరికి ఆగిపోతాడు. ఏటి సేయమంటారు?" అని అడుగు తల్లికి ఉపాధ్యాయుడు సాధారణముగా మొదటి మాట చెప్పును; ఇరుగుపొరుగువారు రెండవ మాట చెప్పుదురు. మొదటిది నీతి పేరిట వేసిన నింద, రెండవది మతము పేరిట వేసిన శిక్ష. రెండును తప్పే యని నా నిశ్చయము. కాని రెండవదానికి వేదాంతపు ముసుగు ఉన్నది కనుక, దానినే ముందుగా విచారింపవలసియున్నది.

అంతకుముందు ఒక మాట: చదువునందలి ఈ దోషమును లోకము గుర్తించి నూరేండ్లు దాటినది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు, తెలివిలో ఎవ్వరికిని తీసిపోక, లెక్కలలో దిట్టయై, చదువుటలో మాత్రము నిలిచిపోయిన పదునాలుగేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించి, దానికి పుట్టుకతో వచ్చిన 'పదాంధత్వ' మని పేరు పెట్టెను. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొనుచు, వానిలో ఈ అభ్యసన వైకల్యమును కూడ చేర్చినది. చట్టము ఒప్పుకొన్నదానిని మన వీధియరుగులు ఇంకను ఒప్పుకొనలేదు.

కర్మసిద్ధాంతమును నమ్మువాడనే గాని, దానిని పరుని నుదుటిపై చదువుటకు మనకు అధికారమున్నదని నమ్మజాలను. తన కష్టమునకు తన పూర్వకర్మమే కారణమని తాను తలచుకొనుట వినయము కావచ్చును. ఎదుటివాని కష్టమునకు వాని పూర్వకర్మమే కారణమని మనము తేల్చి చెప్పుట, చేయవలసిన సాయమును ఎగవేయుటకు దొరికిన సాకు మాత్రమే. యోగవాసిష్ఠములో ముముక్షు ప్రకరణమున వసిష్ఠుడు రామునకు చేసిన బోధ ఈ సందర్భమున స్మరింపదగినది. దైవమని మనము పిలుచునది నిన్నటి పురుషప్రయత్నమే తప్ప వేరు కాదనియు, నిన్నటి ప్రయత్నమును నేటి ప్రయత్నమును రెండు పొట్టేళ్లవలె ఢీకొనుచుండగా బలము గలదే గెలుచుననియు ఆ మహర్షి చెప్పెను. అట్లయిన, అక్షరము నిలువని బాలుని విషయమున అడుగవలసిన ప్రశ్న 'వీడు వెనుకటి జన్మమున ఏమి చేసెను?' అనునది కాదు. 'నేటి ప్రయత్నము ఏ మార్గమున సాగవలెను?' అనునది.

ఇక్కడనే అసలు తాత్త్వికప్రశ్న తలయెత్తును. సాంఖ్యులు మొదలయిన మన దార్శనికులు ఇంద్రియములను పదిగా గణించి, వానిని రెండు పంక్తులుగా కూర్చుండబెట్టిరి. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము జ్ఞానేంద్రియములు. వాక్కు, చేయి, కాలు మొదలయినవి కర్మేంద్రియములు. ఈ విభాగము ప్రకారము చేయి పట్టుకొనుటకు, ఇచ్చుటకు, పుచ్చుకొనుటకు పుట్టినదే గాని తెలిసికొనుటకు పుట్టినది కాదు. తెలివి లోనికి వచ్చు ద్వారములు వేరు. క్రియ వెలికి పోవు ద్వారములు వేరు. మరి చదువు కంటిగుండ లోనికి ప్రవేశింపని బాలునకు, వెలికి పోవు ద్వారమయిన చేతిగుండ జ్ఞానమును లోనికి తేవచ్చునా? సాంఖ్యుని పట్టికను పట్టుకొని కూర్చున్నచో తేరాదు. కాని మన ఆచారము ఆ పట్టికకన్న తెలివైనది. అక్షరాభ్యాసము నాడు మనమేమి చేయుదుము? బాలునకు పుస్తకము చూపము. పళ్లెములో బియ్యము పోసి, వాని చూపుడువ్రేలు పట్టుకొని దిద్దించుదుము. వెనుకటి వీధిబడులలో పంతులు ఇసుకలో ఓనమాలు దిద్దించునపుడు, వ్రేలికొన కంది నెప్పి పుట్టువరకు అక్షరము కంటికి పట్టువడినదని ఒప్పుకొనెడివాడు కాడు. సామవేదమును పాడువారు వ్రేళ్ల కణుపులపై స్వరములను గుర్తించుకొందురు. శుక్లయజుర్వేదులు చేయి ఎత్తి దించుచు స్వరము చూపుదురు. చేతికి తెలియునది గలదని ఈ ఆచారములన్నియు ఏకకంఠముగ పలుకుచుండ, శాస్త్రము మాత్రము దానిని కూలివానిగనే లెక్కించినది.

ఈ విషయమున నాకు మిక్కిలి ఆప్తమయిన కథ మన పురాణములలోనిది కాదు, బౌద్ధులది. నౌపడకు దక్షిణముగా వంశధారా తీరమున శాలిహుండము కొండపై నేటికిని స్తూపముల యిటుక పునాదులు కానవచ్చును గదా. ఆ విహారములలో ఒకానొకప్పుడు భిక్షువులు చూడపంథకుని కథ చెప్పుకొనియే యుందురని ఊహించుట తప్పు కాదు. చూడపంథకుడు అన్నవెంట సంఘములో చేరెను. నాలుగు నెలలు శ్రమించియు ఒక్క గాథ కంఠస్థము చేయలేకపోయెను. క్రొత్త పాదము నేర్చునప్పటికి పాత పాదము జారిపోవును. అన్న మహాపంథకుడు, తాను విద్వాంసుడు కాబట్టి కాబోలు, తమ్మునిపై విసిగి విహారము విడిచిపొమ్మనెను. గడప దాటబోవు ఆ భిక్షువును బుద్ధుడు నిలిపి, మరియొక గాథ చెప్పలేదు, ఓపిక పట్టుమని ఉపదేశింపలేదు. చేతికి ఒక తెల్లని గుడ్డపీలిక యిచ్చి, ఎండలో కూర్చుండి దానిని రుద్దుచు, మురికి తొలగుటను సూచించు ఒక్క మాటను మరల మరల అనుకొనుమనెను. రుద్దగా రుద్దగా గుడ్డ మాసెను; మాసిన గుడ్డను చూచి అతడు అనిత్యతను గ్రహించెను; అర్హతుడయ్యెను. థేరగాథలలో అతని పేరిట పద్యములు గలవు. ఈ కథను చదివినవారందరు బుద్ధుని కరుణను మెచ్చుకొందురు. నేను ఆయన బోధనానైపుణ్యమును మెచ్చుకొందును. చెవిగుండ పోని దానిని చేతిగుండ పంపవచ్చునని ఆయన కనిపెట్టెను. ఒకే చిన్నమాట, ఒకే చిన్నక్రియ, రెండును కలిసి, తొందర లేక, పదేపదే.

అక్షరము నిలువని బాలునకు నేను సూచింపదలచిన టైపు అభ్యాసము ఈ బోధనారీతికి వారసురాలని నేనన్నచో కొందరు నవ్వవచ్చును. గుమాస్తా ఉద్యోగముకొరకు లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసగుటకై పట్టణపు మేడగదులలో టకటకలాడిన యంత్రములకు నిర్వాణముతో నేమి సంబంధము? కాని యంత్రము పుట్టుక చూడుడు. 1808 ప్రాంతమున ఇటలీలో పెల్లెగ్రినో టుర్రి అనునతడు, చూపు కోల్పోయిన కారొలీనా ఫాంటోని అను కులీనస్త్రీ తన ఉత్తరములు తానే వ్రాసికొనుటకై అట్టి యంత్రమును కల్పించెను. కోపెన్‌హేగనులో బధిరుల పాఠశాలకు అధ్యక్షుడయిన రాస్మస్ మాలింగ్-హాన్సెన్ అను క్రైస్తవ పురోహితుడు బంతి ఆకారముగల వ్రాతయంత్రమునకు 1870లో హక్కుపత్రము పొందెను. 1882లో కంటిజబ్బుతో బాధపడుచున్న నీషే అను జర్మను తత్త్వవేత్త దానిని తెప్పించుకొనెను. కాబట్టి ఈ యంత్రము మొదట కచేరీకొరకు పుట్టినది కాదు. ఒక ద్వారము మూసికొనిపోయినవారికి మరియొక ద్వారము తెరచుటకు పుట్టినది. కచేరీ దానిని తరువాత ఎత్తుకొనిపోయినది.

ఇప్పుడు తెలుగు మీటలపై చేయి పెట్టి చూతము. 1991నాటి భారతీయ ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్టు అను కంప్యూటరు మీటలపలకలో అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి పాలు. హల్లులు కొన్ని తప్ప కుడిచేతి పాలు. 'క' నొక్కిన మీటనే షిఫ్టుతో నొక్కిన 'ఖ' పడును. 'గ'తో 'ఘ', 'త'తో 'థ', 'ప'తో 'ఫ' అదేవిధముగా జంటలయి యుండును. వర్గాక్షరముల కూర్పు, వ్యాకరణమునకు తెలిసిన కూర్పు, ఇక్కడ వ్రేళ్లక్రింద పరచియున్నది. మన బాలునకు కంటితో ఎప్పుడును ఒకటిగా కానవచ్చు 'మ', 'య' అనువానిలో మొదటిది ఎడమచేతి నడిమివ్రేలు క్రిందివరుసకు దిగిన చోట నున్నది. రెండవది కుడిచేతి చిటికెనవ్రేలు కొసన నున్నది. కన్ను వానిని కలగలుపునేమో గాని చేయి కలగలుపజాలదు. రెండును దేహములో రెండు అంచులయందున్నవి. 'వ', 'ప'లును అట్లే, ఒకటి ఎడమచూపుడువ్రేలిది, ఒకటి కుడిచూపుడువ్రేలిది.

ఇంకను విచిత్రము సంయుక్తాక్షరములలో నున్నది. 'స్త్రీ' అను అక్షరమును కాగితముపై చూచు బాలునకు, దీర్ఘపు గుడి 'స' నెత్తిన కూర్చున్నట్లును, తవత్తు రవత్తులు క్రింద చిక్కుపడినట్లును కనిపించును. దేనిని ముందు పలుకవలెనో ఆ రూపము చెప్పదు. మీటలపై అది ఆరు దెబ్బలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. నోరు పలుకు క్రమమే వ్రేళ్లు నడచు క్రమము. స్థలములో ఒకదానిపై నొకటి పేర్చియున్నదానిని కాలములో ఒకదాని వెంట నొకటిగా విప్పి పరచినట్లయినది. 'అమ్మ' అను మాటయందు అకారము, మకారము, పొల్లు, మరల మకారము, నాలుగింటిని ఎడమచేతి నడిమివ్రేలొక్కటే కొట్టును. కుడిచేయి షిఫ్టు పట్టుకొని తోడుండును. పలక కల్పించినవారు దీనిని ఉద్దేశించిరో లేదో గాని, మొదటిపాఠమునకు ఇంతకన్న సులువైన మాట దొరకదు. ఇచ్ఛాపురము మొదలు పలాస వరకు ఇంట ఒరియా మాటాడు పిల్లలు తెలుగుబడులలో చదువుచుందురు గదా. ఈ పలకపై తెలుగు 'క'కును ఒరియా 'క'కును వ్రేలు ఒకటే. లిపులు రెండయినను చేతికి అవి వేరు కావు.

ఇట్లు విడివిడిగా కొట్టిన దెబ్బలు ఒక మాటగా ఎట్లు కూడుకొనును? ఇది పండితులు వందల యేండ్లు వాదించిన ప్రశ్నయే. ఒక వర్ణము వినబడి లయించిన తరువాత గాని మరియొకటి వినబడదు. అన్నియు ఒక్కసారి యుండవు. మరి అర్థము ఎవరినుండి పుట్టును? పూర్వవర్ణములు తమ సంస్కారములను విడిచిపోవుననియు, ఆ సంస్కారములతో కూడిన చివరి వర్ణమే అర్థమును తెలుపుననియు శబరస్వామి మొదలయిన మీమాంసకులు చెప్పిరి. భర్తృహరి దీనికి తృప్తిపడక, వర్ణములు వ్యంజకములు మాత్రమేననియు, వానికి వెనుక అఖండమయిన స్ఫోటమొకటి ఉండి ఒక్కసారి తళుక్కుమనుననియు వాక్యపదీయములో స్థాపించెను. చదువు వచ్చినవానికి భర్తృహరి మాటయే నిజముగ తోచును. మనము అక్షరములను చూడము, మాటనే చూతుము. నేర్చుచున్నవానికి మాత్రము శబరుడే దిక్కు. నౌపడ మళ్లలో సముద్రపునీరు మడినుండి మడికి పోవుచు, మొదటి మళ్లలో ఏమియు కనబడకయే చిక్కబడుచు, చివరి మడిలో గాని ఉప్పుగా గడ్డకట్టదు. వెనుకటి మళ్లు వృథాయని ఉప్పుకూలీ ఎవడును అనడు. మన బాలునియందు లోపించినది స్ఫోటము కాదు. స్ఫోటమునకు ముందు చిక్కబడవలసిన సంస్కారము. కన్ను విడిచిపోవు సంస్కారము వానియందు నిలువదు. దానిని వ్రేలి కదలికతోను, నోటి పలుకుతోను, చెవి వినికితోను జతచేసి మరల మరల వేయవలెను. 1925 మొదలు అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడును, పిమ్మట ఆన్నా గిలింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు చెప్పినది ఇంచుమించుగా ఇదే: చూచుట, పలుకుట, వినుట, చేతితో దిద్దుట ఒక్కటిగా సాగవలెనని.

అర్థములేని ఆవృత్తి వలన ప్రయోజనమేమని ఆక్షేపించువారు కలరు. టైపు నేర్చినవారందరు తొలిదినములలో ఎ ఎస్ డి ఎఫ్, సెమికోలను ఎల్ కె జె అని కాగితములు కాగితములు కొట్టినవారే. ఆ వరుసలకు ఏ భాషలోను అర్థము లేదు. కాని వేదపాఠులు పదములను ముందుకు వెనుకకు త్రిప్పి చెప్పు జట, ఘనములలో అర్థమెక్కడ నిలుచును? క్రమము చెదరకుండుటయే వాని ప్రయోజనము. ఆ కాపలావలననే పాఠము ఇన్ని శతాబ్దులు చెక్కుచెదరలేదు. అయినను ఆక్షేపణలో సత్యాంశము లేకపోలేదు. అర్థమెరుగక వేదమును వల్లించువానిని యాస్కుడు నిరుక్తములో బరువు మోయు స్తంభముతో పోల్చెను. మీటల వరుసలతోనే నెలలు గడపినచో మన బాలుడును అట్టి స్తంభమే యగును. కాబట్టి వ్రేలు తన చోటు తెలిసికొన్న మరునాటినుండియే వాని నోటిలో ఆడుచున్న మాటలు వాని చేతికి రావలెను: అమ్మ, అప్ప, ఉప్పు, జీడి, పడవ. రామకోటి వ్రాయు వృద్ధురాలిని చూడుడు. ప్రతి పంక్తియు అదే, కాని పంక్తి పంక్తికి ఆమె పెదవి కదలుచునే యుండును. పెదవి ఆగిననాడు అది నకలు మాత్రమే.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలపక ముందుకు సాగుట న్యాయము కాదు. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలుబాట ఏ ఊరికి పోయినదో, ఆ ఊరిలో ఆయన 1880 నుండియు ఉపాధ్యాయుడు. సవరలుండు కొండలలో తిరిగి, వారి భాష నేర్చి, వారి భాషలోనే వారి పిల్లలకు చదువు చెప్పించుటకు పూనుకొని, మన్యపు జ్వరమునకు క్వినైను విశేషముగా వాడి వినికిడి పోగొట్టుకొనిన మనిషి ఆయన. చెవిపోయిన వాడు ధ్వనులపట్ల అంతటి నిష్ఠ చూపుట సామాన్యము కాదు. పిల్లవాని నోటిలో లేని భాషను పుస్తకములో పెట్టి చదువుమనుట అన్యాయమని ఆయన జీవితమంతయు పోరాడెను. అక్షరమే కష్టమయిన బాలునకు, ఆ అక్షరము ఎవ్వరును మాటాడని భాషలో ఎదురయినచో అది రెండు గోడలు దాటుట యగును. (ఈ వ్యాసమునే ఆయనకు చూపినచో, ముందు భాష మార్చుకొని రమ్మని నన్ను వెనుకకు పంపియుండును, ఆ మందలింపునకు నేను తగినవాడనే. పెద్దలకొరకు వ్రాయుచున్నానని మాత్రము విన్నవించుకొందును.)

గీతలో ఆరవ అధ్యాయమున, గాలివంటి మనస్సును పట్టుటెట్లని అర్జునుడు అడుగగా, కృష్ణుడు అభ్యాసమును మాత్రమే చెప్పి ఊరకుండలేదు, వైరాగ్యమును జోడించెను. టైపు నేర్పువారు ఈ రెండవదానిని మరతురు. నిమిషమునకెన్ని మాటలను లెక్క గుమాస్తాకు కావలెను గాని, మన బాలునకు కాదు. వాని ప్రక్కన గడియారము పెట్టినచో, పుస్తకమువద్ద పుట్టిన భయమే మీటలవద్దను పుట్టును. వేగముపై వైరాగ్యము, మార్కులపై వైరాగ్యము, ప్రక్కపిల్లవానితో పోల్చి చూచుటపై వైరాగ్యము. ఇవి బాలునకు కాదు, బోధించువానికి విధించిన నియమములు. తప్పు కొట్టిన అక్షరమును చెరిపి మరల కొట్టుటకు యంత్రము విసుగుకొనదు. కొట్టివేతల మచ్చ మిగుల్చదు. కాగితముపై ఎర్రసిరా గీతలు చూచి చూచి బెదరిన పిల్లవానికి ఇది స్వల్పవిషయము కాదు.

దీనినంతయు ఔషధమని నేను చెప్పుటలేదు. టైపు అభ్యాసము పదాంధత్వమును పోగొట్టదు. చేతివ్రాతకు బదులును కాదు. అక్షరమునకు ధ్వనికి గల సంబంధమును నిదానముగా, వరుసగా, నోటితో నేర్పు ఉపాధ్యాయుడు లేనిచో యంత్రము కొయ్యబొమ్మయే. మరియు చదువురానివాడు జ్ఞానహీనుడను భావమును మన సంప్రదాయము అంతట ఒప్పలేదు; వ్రాతను చూచి చదువువానినే పాణినీయశిక్ష అధమపాఠకులలో లెక్కించినది. మళ్లలో గాలి ఎటు తిరిగినది చూచి వాన చెప్పగల తండ్రికి జ్ఞానము లేదని ఎవరనగలరు? కాని బ్యాంకు కాగితము, ఆసుపత్రి చీటీ, భూమి పత్రము ఆ జ్ఞానమును లెక్కచేయవు. ఉద్దాన ప్రాంతములో మూత్రపిండముల జబ్బుతో పలాస ఆసుపత్రికి తిరుగు ఇంటిలో ఆ చీటీ చదువగల పిల్లవాడొకడుండుట విలాసము కాదు.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపము. మండలములలో ప్రత్యేకావసరములుగల బాలలకై భవిత కేంద్రములున్నవి. ఉన్నత పాఠశాలలు పెక్కింటిలో కంప్యూటర్లు ఉన్నవి, వానిలో కొన్ని తాళము వేసిన గదులలో ఉన్నవి. ఆ తాళము తీసి, తరగతిలో వెనుకబల్లపై కూర్చున్న ఆ బాలుని దినమున కొంతసేపు మీటలవద్ద కూర్చుండబెట్టి, కొట్టిన ప్రతి అక్షరమును పైకి పలికించుడు. మొదటి మాట 'అమ్మ' కానిండు. దానికి క్రొత్త సామగ్రి ఏదియు కొననక్కరలేదు. తెలుగు ఇన్‌స్క్రిప్టు ఆ కంప్యూటర్లలో ముందే ఉన్నది.